కోరంగి మడల్లో చిక్కుకుంటే ఎలా బయటపడాలి: పట్నవాసులకు

గోదావరి డెల్టా అనగానే పట్నంలో ఉండేవారికి కొబ్బరి తోటలు, పంట కాలువలు, ఆత్రేయపురం పూతరేకులు గుర్తుకొస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన చాలా దూరం వరకు డెల్టా అలాగే ఉంటుంది. అక్కడ దారి తప్పడమే కష్టం. ఎటు నడిచినా అరగంటలోపు ఒక టీ కొట్టో, గుడో, "మీరు ఎవరి తాలూకు అండీ?" అని ఆరా తీసే పెద్దమనిషో తగులుతారు.

అడవి నది చివరన ఉంది. గౌతమి పాయ సముద్రంలో కలిసే చోటుకూ కాకినాడకూ నడుమ ఉప్పునీటి బురదలో పరుచుకున్న కోరంగి మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడ చెట్లు, వాటి మధ్య మెలికలు తిరిగే కాలువలు, బురద మైదానాలు, తూర్పున హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు దీని పక్కగానే పోతుంది. చిక్కంతా ఈ దగ్గరతనంతోనే వస్తుంది. ఊరు ఇరవై కిలోమీటర్లు కూడా లేదు కదా అని జనం రబ్బరు చెప్పులతో, ఒక్క నీళ్ల సీసాతో, సగం చార్జింగు ఉన్న ఫోనుతో పడవెక్కుతారు. చీకటి పడ్డాక కాకినాడ వెలుగు ఆకాశంలో కనిపిస్తూనే ఉంటుంది, మధ్యలో నడుము లోతు బురద.

టీవీలో చూసి నేర్చుకున్న అడవి విద్యలు ఇక్కడ చాలావరకు పనికిరావు. కొన్నయితే నేరుగా ముంచుతాయి. "దారి తప్పితే నీరు పారే దిక్కుగా నడవండి, ఊరు వస్తుంది" అనేది అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. కొండల్లో అది సరే. ఇక్కడ నీరు పారే దిక్కుగా పోతే బంగాళాఖాతం వస్తుంది. పైగా కొన్ని గంటలు గడిస్తే అదే కాలువలో నీరు ఎదురు దిక్కుకు పారుతుంది. అందుకే మడల్లోకి వెళ్లేవారు కత్తులు, చెకుముకి రాళ్లు కొనే ముందు నీటి వేళలు తెలుసుకోవాలి.

బయల్దేరే ముందు

సముద్రం పొంగి కాలువల్లోకి నీరెక్కితే పోటు, నీరు వెనక్కి తీస్తే పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటు నిండాక నీరు పూర్తిగా తీయడానికి ఆరు గంటల పైచిలుకు పడుతుంది, మళ్లీ నిండడానికి మరో ఆరు గంటల పైచిలుకు. మర్నాడు ఇదంతా దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంది. అంటే ఈ రోజు ఉదయం 8 గంటలకు పోటు నిండితే రేపు 8.50 ప్రాంతంలో నిండుతుంది. రేవులో ఏ మత్స్యకారుణ్ణి అడిగినా ఆ రోజు వేళ చెబుతారు. అడిగి ఫోనులో కాకుండా కాగితం మీద రాసుకోండి.

తర్వాత గోడ మీది క్యాలెండరు చూడండి. అమావాస్య, పౌర్ణమి దినాల్లోనూ ఆ వెంటనే వచ్చే ఒకటి రెండు రోజుల్లోనూ నీరు ఎక్కువ ఎత్తుకు ఎక్కి, ఎక్కువ లోతుకు దిగుతుంది. సూర్యచంద్రులు ఒకే వరసలో నిలిచి సముద్రాన్ని లాగే రోజులవి. సప్తమి, అష్టమి తిథుల చుట్టూ ఆ తేడా బాగా తగ్గుతుంది. కోరంగి నేల దాదాపు చదును కాబట్టి నీటి మట్టంలో మీటరు తేడా వచ్చినా ఎంతో దూరం వరకు బురద బయటపడుతుంది, లేదా మునిగిపోతుంది.

ఈ లెక్కలో కొత్తవారికి తట్టని మెలిక ఒకటుంది. పౌర్ణమి పోటు బాగా నిండిన సమయంలో పడవను చిన్న కాలువ చివరి దాకా తోలి గట్టుకు ఆనిస్తే, నీరు తీశాక అది అక్కడే కూర్చుంటుంది. తర్వాతి పోటుకు తేలుతుందిలే అనుకుంటారు. కానీ రోజురోజుకూ పోటు ఎత్తు తగ్గుతూ వస్తుంది కనుక ఆ పడవ మళ్లీ అమావాస్య దాకా తేలకపోవచ్చు. నీరు ఇంకా ఎక్కుతున్న వేళలోనే లోపలికి వెళ్లండి, నిండకముందే తిరుగుముఖం పట్టండి.

కాలం కూడా చూసుకోవాలి. జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి వరదలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వార్త చెవిన పడిందంటే లంకల్లోకి గానీ, గౌతమి సముద్రంలో కలిసే మొగ వైపు గానీ విహారయాత్ర మానుకోవాలి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుపాన్ల నెలలు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవును తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమలో పెద్దవారెవరూ మరిచిపోలేదు. కాకినాడ రేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో విన్నా చాలు, ఆ వారానికి ప్రయాణం వాయిదా వేయండి. ఆకాశం నీలంగా ఉందని వాదించకండి. ఏప్రిల్, మే నెలల్లో నీడ లేని బురద మైదానాల మీద వడదెబ్బ తగులుతుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి జనవరి, ఫిబ్రవరి, కొంతవరకు మార్చి.

ఇది అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, చెట్టు కొమ్మ విరవడం, నిప్పు పెట్టడం నేరాలు. చొల్లంగిపేట వైపు చెక్క వంతెన మీద నడిచి, అక్కడి పడవలో తిరిగి వచ్చేవారికి ఈ వ్యాసంతో పెద్దగా అవసరం ఉండదు. పక్షుల ఫొటోల కోసం, పరిశోధన కోసం, సర్వేల కోసం అనుమతి తీసుకుని లోతుకు వెళ్లేవారే దీన్ని పూర్తిగా చదవాలి.

వెంట ఉండవలసినవి ఇవి. మనిషికి కనీసం నాలుగు లీటర్ల మంచినీళ్లు. ఓఆర్ఎస్ పొట్లాలు. మడమ దాకా బిగించి కట్టుకునే గుడ్డ బూట్లు. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు చూడటానికి భరోసాగా ఉంటాయి, కానీ బురద వాటిని పట్టుకుని వదలదు. ఈల. నలుపు, ఆకుపచ్చ కాకుండా దూరానికి కనిపించే రంగు బట్ట ఒకటి, పాత ఎర్ర చీర ముక్కయినా సరే. పదిహేను మీటర్ల తాడు. టార్చిలైటు. పొడవు చేతుల చొక్కా, దోమల మందు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవ అడుగున కాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు ఎంతమంది పోయారో మనకు తెలుసు. నది వేగం మీద ఉన్నప్పుడు జాకెట్ వెతుక్కుని తొడుక్కునే వ్యవధి ఎవరికీ దొరకదు.

ఫోనులో ఆ ప్రాంతపు మ్యాపును ముందే దించి పెట్టుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మీరున్న చోటు మ్యాపు మీద చుక్కగా కనిపిస్తుంది. పడవెక్కిన రేవును గుర్తు పెట్టుకుని ఫోనును ఫ్లైట్ మోడ్‌లో ఉంచితే బ్యాటరీ రెండు రోజులు రావచ్చు. ఒడ్డున ఒక మనిషికి మీరు ఏ రేవు నుంచి, ఎవరి పడవలో, ఏ కాలువలోకి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో చెప్పండి. "ఆ సమయానికి ఫోను రాకపోతే రెండు గంటలు ఆగి 112కు చెయ్యి" అని స్పష్టంగా అప్పగించండి. ఈ ఒక్క పని చేసినవారి కోసం సరైన చోట వెతుకుతారు. చేయనివారి కోసం 235 చదరపు కిలోమీటర్లూ గాలించాలి.

చిక్కుకున్నామని తెలిసినప్పుడు

ఎక్కువగా జరిగేది ఇలా ఉంటుంది. ఇంజను ఆగిపోతుంది, లేదా నీరు తీసేసి పడవ బురదలో కూర్చుంటుంది. ఒడ్డు ఎదురుగానే ఉంటుంది, చెట్లు ఏభై అడుగుల దూరంలో ఉంటాయి. "దిగి నడిచిపోదాం" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అన్నవారు సాధారణంగా గుంపులో అందరికంటే ధైర్యవంతులు. వారిని కూర్చోబెట్టండి.

పడవ దిగకండి. అది మీకు నేల, నీడ, గుర్తు అన్నీ. వెతికేవారికి మనిషి తల కంటే పడవ ముందు కనిపిస్తుంది. పౌర్ణమి, అమావాస్య పోటు నిండినప్పుడు చిక్కితే తప్ప, ఆరేడు గంటలు ఓపిక పడితే పోటు దానంతట అదే పడవను లేపుతుంది. ఆలోపు చేయాల్సిన పనులున్నాయి. లంగరు లేదా తాడు వేసి పడవను గట్టి గెడకో, చెట్టు మొదలుకో కట్టండి. తాడును కొంచెం వదులుగా ఉంచండి, బిగించి కడితే నీరెక్కినప్పుడు పడవ ఒరిగిపోతుంది. గుడ్డ ఏదైనా పైన పరచి నీడ చేసుకోండి. ఉన్న నీళ్లన్నీ ఒకచోట చేర్చి లెక్కపెట్టండి. ఫోన్లలో ఒక్కటే తెరిచి, మిగిలినవి ఆపేయండి. మాట కలవకపోయినా సంక్షిప్త సందేశం వెళ్లవచ్చు, ఒకటి పంపి చూడండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, సముద్రం వైపు కొట్టుకుపోతుంటే కోస్ట్ గార్డు 1554. ఏ నంబరుకు చేసినా ముందు జీపీఎస్ అంకెలు చదివి వినిపించండి, తర్వాతే కథ చెప్పండి.

పడవ లేదు, కాలినడకన లోపలికి వచ్చి దారి తప్పారు అనుకుందాం. అప్పుడు కూడా మొదటి పని ఆగడమే. మడ అడవిలో ప్రతి కాలువా పక్క కాలువలాగే కనిపిస్తుంది. పోటుకు వచ్చిన దారి పాటుకు ఆనవాలు పట్టలేరు, మీ అడుగుల గుర్తులను నీరు చెరిపేసి ఉంటుంది. నాలుగు దిక్కులూ తలలో పెట్టుకోండి: తూర్పున సముద్రం, ఉత్తరాన కాకినాడ అఖాతం, దక్షిణాన గౌతమి, పడమర రోడ్డు. మనుషులున్న దిక్కు పడమర. మధ్యాహ్నం దాటాక ఎండ మీ ముఖం మీద పడుతుంటే మీరు సరైన వైపు తిరిగినట్టు. అయితే సరైన వైపు తిరగడం వేరు, అటు వెళ్లగలగడం వేరు. మధ్యలో కాలువ అడ్డం వస్తే ఈదకండి. పాటు వేళ ఆ నీరు చూడటానికి నెమ్మదిగా ఉన్నా కాళ్లను లాగేస్తుంది.

బురద

నేల మీద ముందుగా చూడవలసినది మెరుపు. తడిగా నునుపుగా మెరిసే బురద మెత్తన. మెరుపు పోయి పైన పగుళ్లు వచ్చినది కాస్త గట్టి. కాలువ వంపు తిరిగే చోట లోపలి వైపు కొత్త ఒండ్రు పేరుకుని ఉంటుంది, అక్కడ అడుగు పెట్టకూడదు. చెట్ల మొదళ్ల చుట్టూ వేళ్లు అల్లుకుని ఉంటాయి కాబట్టి అక్కడ నేల బరువు ఆపుతుంది. మడ చెట్టు కింద బురదలోంచి పెన్సిలంత పొడవున నిటారుగా పొడుచుకొచ్చి వందలాది వేళ్లు కనిపిస్తాయి. చెట్టు వాటితోనే గాలి పీల్చుకుంటుంది. మీకు మెట్టూ అవే, ముల్లూ అవే. అడుగు అడ్డంగా, పాదమంతా ఆనేలా పెట్టండి. మడమ మీద బరువు వేస్తే గుచ్చుకుంటాయి.

కాలు దిగబడితే బురద మనిషిని నిలువునా మింగేస్తుందని భయపడక్కర్లేదు. బురద మన ఒంటికంటే బరువైనది, నడుము దాటి లాక్కుపోవడం అరుదు. దిగబడిన మనిషిని చంపేది తర్వాత వచ్చే పోటు. అందుకని కంగారు లేకుండా, కానీ ఆలస్యం చేయకుండా ఇలా బయటపడండి:

1. ఆగిపోండి. రెండో కాలితో తన్ని లేవబోతే అదీ దిగబడుతుంది.

2. సంచిని భుజం నుంచి తీసి ఎదురుగా బురద మీద పడుకోబెట్టండి. దాని మీద మోచేతులు ఆనించవచ్చు.

3. మెల్లగా వెనక్కి కూర్చోండి, అవసరమైతే వెల్లకిలా వాలండి. బట్టలు పాడవుతాయన్న ఆలోచన వదిలేయండి. బరువు పరుచుకున్న కొద్దీ కాలి మీద పట్టు సడలుతుంది.

4. దిగబడిన పాదాన్ని చిన్నగా అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. కాలి చుట్టూ సందు ఏర్పడి అందులోకి నీరు చేరుతుంది. బురద కాలిని పట్టుకునేది ఆ సందు లేకపోవడం వల్లే. ఒక్కసారిగా గుంజితే లోపల గాలి, నీరు చొరవక ఇంకా బిగుస్తుంది.

5. వేళ్లు కిందికి చాపి, పాదాన్ని నిటారుగా చేసి, అంగుళం అంగుళంగా పైకి తీయండి. బూటు రాకపోతే వదిలేయండి.

6. బయటికి వచ్చాక లేచి నిలబడవద్దు. బోర్లా పడుకుని, వచ్చిన దారినే పాకండి.

పక్కవాళ్లు చేతులు పట్టుకుని పైకి లాగకూడదు, భుజం కీలు తప్పుతుంది. వాళ్లు కూడా నేల మీద పడుకుని గెడనో, తాడునో, మెలిపెట్టిన తువ్వాలునో అందించి పక్కకు లాగాలి.

చెట్టును చూసి నీటి మట్టం తెలుసుకోవడం

రాత్రి గడపవలసి వస్తే పోటు అందని చోటు వెతుక్కోవాలి. మడ చెట్ల కాండాలను దగ్గరగా చూడండి. ఒక ఎత్తు వరకు బెరడు మీద బూడిదరంగు ఒండ్రు పూతగా పట్టి ఉంటుంది, ఆ కింద చిన్న చిన్న గవ్వ పెంకులు అతుక్కుని ఉంటాయి. ఆకుల మీద కూడా అదే ఎత్తు దాకా మట్టి. అక్కడి నుంచి పైకి బెరడు శుభ్రంగా ఉంటుంది. పెద్ద పోటు అంత ఎత్తుకు ఎక్కుతుందన్న మాట. ఆ గీత మీ మోకాలి దగ్గరుంటే అక్కడ పడుకోలేరు. నడుము దగ్గరుంటే నిలబడలేరు కూడా. గీత పాదాల దగ్గరికి దిగే వైపు నడవండి. అటుగా చెట్లు పొట్టివవుతూ పోతాయి, తర్వాత తెల్లని ఉప్పు పొరతో చవిటి నేల వస్తుంది. అది మిట్ట.

ఆ మిట్టల మీదే తిల్ల చెట్టు కూడా ఉంటుంది. నున్నని ఆకులు, రాలే ముందు కొన్ని ఎర్రబడతాయి. ఆకు తుంచితే తెల్లని పాలు కారుతాయి. ఆ పాలు కంట్లో పడితే కొంతసేపు చూపు పోతుంది, ఒంటి మీద పడితే బొబ్బలు లేస్తాయి. అడవిలో మీకు మొట్టమొదట పరిచయం కావలసిన చెట్టు ఇదే. దాని కొమ్మ పట్టుకుని ఊగడం, కర్రగా విరవడం, పొయ్యిలో వేయడం ఏవీ పనికిరావు. కంట్లో పడితే మంచినీళ్లతో ఆపకుండా కడగండి. తాగే నీళ్లు తగ్గిపోతాయని ఆ సమయంలో చూసుకోవద్దు.

తాగేది, తినేది

తిండి గురించి ఆలోచించకండి. రెండు మూడు రోజులు తినకపోతే నీరసం వస్తుంది, ప్రాణం పోదు. చేతికందిన గుల్లలు పచ్చివి తినడం, ముట్టుకుంటే బంతిలా ఉబ్బే చేపను కాల్చుకోవడం వంటి సాహసాలు చేస్తే మాత్రం పోవచ్చు. ఇసుక మీద తాబేలు గుడ్లు కనిపించినా ముట్టకండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలం చివర గుడ్లు పెట్టే తీరం ఇది, వాటిని తీయడం నేరం.

నీళ్ల సంగతి వేరు. కాలువ నీరు ఉప్పన. దాన్ని తాగితే దాహం పెరుగుతుంది, ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. కాచినా, గుడ్డలో వడగట్టినా ఉప్పు పోదు. మడ ఆకు నమిలితే తడి దొరుకుతుందని ఎవరో రాస్తే నమ్మకండి. మడ చెట్టు పీల్చుకున్న ఉప్పును ఆకుల ద్వారానే బయటికి నెడుతుంది, ఆకు మీద నాలుక పెట్టి చూడండి, తెలుస్తుంది. ప్లాస్టిక్ కాగితం పరిచి ఆవిరి పట్టే పద్ధతి చూడటానికి బాగుంటుంది, పూటంతా కూర్చుంటే గుక్కెడు నీళ్లు వస్తాయి. వాన పడితే మాత్రం గుడ్డ, టార్పాలిన్, పడవ పైకప్పు ఏది దొరికితే అది పరిచి పట్టుకోండి.

బురదలో ఎంత తవ్వినా మంచినీరు రాదు. ఇసుక తిన్నె మీద మాత్రం వస్తుంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. తీరం వెంట పల్లెలు దొరువులు తవ్వుకుని బతికింది ఆ పొర మీదే. హోప్ ఐలాండ్ వంటి తిన్నె మీద చిక్కుకుంటే అలల అంచున తవ్వకండి. మొదటి తిన్నె దాటి, దాని వెనక పచ్చగడ్డో, తీగలో మొలిచిన పల్లం చూడండి. చేతులతోనో, కొబ్బరి చిప్పతోనో వెడల్పుగా చెలమ తవ్వండి. ఇసుక తడి కనిపించాక మెల్లగా వెళ్లండి, నీరు ఊరడం మొదలవగానే తవ్వడం ఆపండి. ఇంకా లోతుకు వెళ్తే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. మొదట ఊరిన మురికి నీరు తోడి పారేసి, రెండోసారి ఊరినది ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. కొంచెం చప్పగా, మట్టి వాసనతో ఉంటే తాగవచ్చు, గుడ్డలో వడగట్టి వీలైతే కాచుకోండి. ఉప్పన తగిలితే ఆ గుంట వదిలి ఇంకా లోపలికి జరగండి.

మనుషుల జాడ

కోరంగి నిర్మానుష్యం కాదు. ఈ కాలువల్లో చేపలు, పీతలు పట్టి బతికేవారు పోటు పాట్లను బట్టి రోజూ తిరుగుతూనే ఉంటారు. వారి కంట పడటమే మీ పని. కాలువకు అడ్డంగా వరసగా గెడలు పాతి వల కట్టి ఉంటే అక్కడే ఆగిపోండి. ఎవరూ కనిపించకపోయినా ఫర్వాలేదు. వల కట్టినవారు నీరు తీసే వేళకు చేపలు తీసుకోవడానికి తప్పకుండా వస్తారు. ఊళ్లో బస్టాపు దగ్గర నిలబడటం కంటే నమ్మకమైన నిరీక్షణ అది. వల విప్పడం, అందులోని చేప తీయడం చేయకండి, అది ఒకరి కూడు. పడవ కనిపించగానే ఎర్ర గుడ్డ ఊపండి, ఈల మూడేసి సార్లు ఊదండి. వచ్చాయన వయసులో చిన్నవాడైనా "అన్నా", "బాబాయ్" అంటూ పలకరించి, ఆయన ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోండి. మధ్యలో మ్యాపు తీసి దారి చెప్పకండి.

పడమరగా మిట్ట నేల దొరికి నడవగలిగితే రొయ్యల చెరువుల గట్లు తగులుతాయి. రాత్రి పూట ఇది ఇంకా సులువు. చెరువుల్లో గాలి కలపడానికి పెట్టిన ఏరేటర్ల మోత చాలా దూరం వినిపిస్తుంది, దాని పక్కన ఒక దీపం, దీపం కింద కాపలా మనిషి, ఆయన కుక్కలు ఉంటాయి. చీకట్లో నిశ్శబ్దంగా దగ్గరికి వెళ్తే దొంగలనుకుంటారు. దూరం నుంచే టార్చి వెలిగించి, కేక వేసి, బదులు వచ్చాకే గట్టు ఎక్కండి. గుడి మైకు ఉంటే తెల్లవారుజామున పాట వినిపిస్తుంది, అయితే నీటి మీద శబ్దం దిక్కు మారినట్టు తోస్తుంది. దాన్ని నమ్మి కాలువ దాటవద్దు.

జంతువుల గురించి నాలుగు ముక్కలు

పులి లేదు. నక్కలు, నీటికుక్కలు, నీటిపిల్లులు ఉన్నాయి, ఇవన్నీ మిమ్మల్ని చూడగానే తప్పుకుంటాయి. నీటిపిల్లి కనిపించిందంటే అదృష్టవంతులు, దాని కోసమే నెలల తరబడి కెమెరాలు పెట్టి కూర్చునేవారున్నారు. దోమలు మాత్రం ఎవరికీ తప్పుకోవు. సాయంత్రం కాగానే చేతులు, కాళ్లు కప్పుకోండి, కప్పడానికి ఏమీ లేకపోతే బురద పూసుకోండి.

లోతు తక్కువ నీటిలో నడిచేటప్పుడు కాలెత్తి అడుగు వేయకుండా పాదాన్ని నేల మీద ఈడుస్తూ కదలండి. ఇసుకలో పడుకున్న టేకు చేప (స్టింగ్‌రే) తోక ముల్లు పైనుంచి తొక్కినవారినే పొడుస్తుంది, పక్కనుంచి తగిలితే తప్పుకుపోతుంది. జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నా, టేకు ముల్లు గుచ్చుకున్నా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, పైన తాడు బిగించడం, పసరు పోయడం ఏవీ వద్దు. ఉంగరాలు, గడియారం తీసేయండి. కరిచిన కాలికో చేతికో కర్ర కట్టి కదలకుండా చేసి, మనిషిని పడవలో పడుకోబెట్టి, కరిచిన సమయం కాగితం మీద రాయండి. ఆ మనిషి నడవకూడదు. పామును చంపి తీసుకెళ్లనవసరం లేదు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే. అది సముద్రపు పాములకు పనిచేయదు. చదునైన తోక ఉన్న పాము వలలో పడి కనిపిస్తే సాయం చేయబోయి చేయి పెట్టవద్దు.

బయటపడ్డాక

ఒడ్డుకు చేరగానే మొదట ఒడ్డున మీరు అప్పగించిన మనిషికి ఫోను చేయండి, లేకపోతే మీ కోసం బయల్దేరిన పడవలు రాత్రంతా తిరుగుతాయి. 112కు చేసి ఉంటే వారికీ, అటవీ శాఖ వారికీ చెప్పండి. మిమ్మల్ని తెచ్చిన పడవాయనకు ఆ రోజు వేట పోయింది, డీజిలు కాలింది. "వద్దండీ" అంటారు. అయినా చేతిలో పెట్టండి. నీళ్లు ఒకేసారి గటగటా తాగకుండా ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగా పుచ్చుకోండి. గుల్లలు కోసిన గాట్లు చిన్నవిగా కనిపిస్తాయి, లోపల బురద ఉంటుంది. సబ్బుతో బాగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే అదే రోజు వేయించుకోండి. గాటు చుట్టూ ఎర్రబడి వాచినా, రెండు వారాల లోపు చలితో జ్వరం వచ్చినా డాక్టరుకు మడల్లో ఉండి వచ్చామని చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.